మా హాల్లో పారే నీళ్లు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. అబద్ధాలాడతానని కాదు. నిజం నా నోట్లోకి వచ్చేసరికి నానబెట్టిన శనగల్లా ఉబ్బుతుంది, అంతే. మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా మా ఆవిడ మంచినీళ్ల గ్లాసుతో పాటు ఒక జాగ్రత్త కూడా చేతికిస్తుంది: "ఆయన ఏనుగంటే మేక అనుకోండ్రి. మేక అన్నడంటె అక్కడ ఏం లేదనుకోండ్రి." మీరూ ఈ లెక్కనే చదువుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఈసారి ఒక మాట ఇస్తున్నాను. ఇందులో ఉబ్బించినవి చాలా ఉంటాయి, పూర్తిగా పుట్టించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర నేనే చెప్తాను.

కరీంనగర్‌లో మాది అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. హాల్లో టీవీ ఉండాల్సిన చోట చేపల ట్యాంకు ఉంటుంది. అది ఎంత పెద్దదంటే, ఇంకో జానెడు పొడవుంటే మత్స్యశాఖ వాళ్లు వచ్చి వేలం వేసేవాళ్లు. మా ఆవిడ లెక్కలో చెప్పాలంటే మంచం కన్నా కొంచెం చిన్నది. అందులో ఉన్నవి సిక్లిడ్‌లనే చేపలు. ఆఫ్రికాలో ఏదో పెద్ద సరస్సు ఉందట, అక్కడి జాతి. పసుపుపచ్చవి, నారింజవి, నీలానివి, చారలవి. పెళ్లి బరాత్‌లో లైట్లు మోసేవాళ్లంతా నీళ్లలోకి దిగినట్టుంటుంది.

ఈ చేపలకు మెత్తటి నీళ్లు పడవు. సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లే కావాలి. ఆ లెక్కన మా అపార్ట్‌మెంట్ బోరు వాటికోసమే తవ్వినట్టుంది. ఆ నీళ్లు కాచిన గిన్నెకు అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. ఆ నీళ్లతో తలస్నానం చేసి మా కింది అంతస్తు ఆయనకు బట్టతల వచ్చిందని అంటారు, అంటే నేనే అంటాను. బిల్డింగంతా ఆ బోరును తిట్టుకుంటుంటే నా చేపలు మాత్రం పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా ఒళ్లు చేశాయి.

వాటన్నిటికీ పెద్ద, దొర. మంచిర్యాలలో ఒకాయన బదిలీ మీద పోతూ నాకు ఇచ్చిన చేప అది. పాల క్యాన్‌లో నీళ్లు పోసి, దాన్ని అందులో వేసుకుని బస్సెక్కాను. కండక్టర్ క్యాన్ మీద చెయ్యి వేశాడు.

"ఏంది సార్ గీ క్యాన్ల? పాలా?"

"కాదు. చేప."

"ఒక్క చేపకు గింత పెద్ద క్యానా? కూర ఎంతమందికి?"

"కూర కాదు, సాదుకునేది."

ఆయన నన్ను, క్యాన్‌ను మార్చి మార్చి చూసి, "దిగేదాంక మూత తియ్యకుండ్రి, ప్యాసింజర్లు పరేషాన్ అయితరు" అని ముందుకు పోయాడు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా లోపలి నుంచి టక్కున చప్పుడొచ్చేది. అది దొర నన్ను తిట్టడం.

నీలం రంగు, నల్ల చారలు, నుదుటి మీద బొడిపె. ట్యాంకులోకి దిగిన మరుక్షణమే చెన్నూరు గోదావరి ఒడ్డు నుంచి నేను మోసుకొచ్చిన రాయి కింద గడీ కట్టుకున్నాడు. మిగతా చేపలు ఆ రాయి ముందు నుంచి పోవాలంటే తోక ముడుచుకుని పోవాల్సిందే. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడవగానే అద్దం దగ్గరికి వచ్చి, నా మొహం ఎటు తిరిగితే అటు తిరిగేవాడు. ఏనుగు, మేక లెక్క ఇక్కడ వాడకండి. ఇది ఉన్నది ఉన్నట్టు.

ఇంట్లో ఇలాంటిది ఉంటే జనం వస్తారు. పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చినవాళ్లు కార్డు ఇవ్వడం మరిచిపోయి అద్దానికి ముక్కు ఆనించేవాళ్లు. "నీ పనే బాగుందే, దునియల ఏ ఫికర్ లేదు నీకు" అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా మా ఆవిడ మొహం చిన్నబోయేది. ఆ రోజుల్లోనే ఒకసారి కూరగాయల మార్కెట్లో నాకు కళ్లు తిరిగాయి. టమాటాలు బేరం చేస్తూ చేస్తూ వెళ్లి టమాటాల గంపలోనే కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నా చొక్కా చూసి రక్తం అనుకుని కేకలు పెట్టారు. మా ఆవిడ కూడా రక్తమే అనుకుంది. డాక్టర్ బీపీ అన్నాడు, గోలీలు రాశాడు, నవ్వి పంపించాడు. నేనూ నవ్వుకున్నాను. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ చొక్కాను ఉతకలేదు, పారేసింది.

ఆ వచ్చిన ఆదివారం సాయంత్రం వంటింట్లోంచి పీట తెచ్చి హాల్లో వేసింది. చేతిలో పటిక ముక్క.

"కూసో. తూర్పు దిక్కు తిరుగు."

"డాక్టర్ గోలీలు ఇచ్చిండు గదనే."

"గోలీలు బీపీకి. గిది కండ్లకు. ఎంతమంది కండ్లు పడ్తున్నయో నీకేం ఎర్క?"

పటికను నా తల చుట్టూ తిప్పి, ఏదో గొణిగి, తీసుకుపోయి పాత పెనం మీద పెట్టి స్టవ్ వెలిగించింది. పటిక ఉబ్బింది, పొంగింది, అచ్చం నా మాటల్లాగే. దిష్టి ఎవరిదైతే వాళ్ల ఆకారం వస్తుందని మా వైపు నమ్మకం.

"చూడు, గా ముక్కు చూడు. ఎదురింటామె ముక్కే."

"నాకైతే పాత ఆదిలాబాద్ జిల్లా నక్ష లెక్క కొడ్తుంది. గదిగో, గీ మూలకు చెన్నూరు."

"గందుకే నీకు దిష్టి తగుల్తది. అన్నిటికి మజాకే. పో, పోయి కాళ్లు కడుక్కో."

దిష్టి తీయించుకున్నవాడు వెంటనే కాళ్లు కడుక్కోవాలి. తీసినవాళ్లు ఆ కాలిన పటికను నలిపి, ఎవరూ తొక్కని చోట పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా రావాలి. వారం వారం నేను బాత్రూంలోకి పోయేవాణ్ని, ఆమె ఆ పొడి పళ్లెంలో వేసుకుని ఎటో పోయేది. ఎటు అని నేను అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. భార్య దిష్టి తీసి ఎక్కడ పారేస్తుందో కనుక్కునే మగవాడు మా బిల్డింగ్‌లోనే కాదు, ఉత్తర తెలంగాణలోనే ఉండడు.

మొదటి చావు ఒక సోమవారం పొద్దున. పసుపుపచ్చటి చేప ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. వయసయిందేమో అనుకున్నాను. తరువాతి సోమవారం నారింజ రంగువి రెండు నీళ్ల మీద తేలాయి. బతికున్నవి పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. కారణం ఏమని రాయాలో తెలియక "ఇంట్లో విషాదం" అని రాశాను. మరునాడు ఆఫీసులో సగం మంది నన్ను పరామర్శించారు, మిగతా సగం మంది ఎవరు పోయారో కనుక్కోవడానికి పరామర్శించిన వాళ్లను అడిగారు.

బజార్లో చేపల దుకాణం నడిపే భాయ్ ఇంటికొచ్చాడు. నాకు ఈ పిచ్చి అంటించినవాడు ఆయనే. గొప్పలు చెప్పడంలో నాకు ఈ జిల్లాలో ఆయనొక్కడే పోటీ. ట్యాంకు ముందు నిలబడి, వేలు ముంచి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"మోటర్ పాతదైంది సార్. గాలి సరిపోతలేదు. ఫికర్ చెయ్యకుండ్రి, నేనున్న గద."

మోటర్ మార్చాం. పాతది మంచం కింద పెట్టాను. తరువాతి సోమవారం ఇంకో రెండు పోయాయి.

"మేత ఎక్కువైతుంది సార్. మీకు జర మొహబ్బత్ ఎక్కువ."

మేత తగ్గించాం. ఇంకో రెండు పోయాయి.

"ఎండలు సార్. నీళ్లు కాగుతున్నయి."

సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి ట్యాంకులో వదిలాం. మా ఇంటికొచ్చిన చుట్టాలకు చల్లటి నీళ్లు దొరకలేదు కానీ చేపలకు మాత్రం ఊటీ దొరికింది. అయినా చావులు ఆగలేదు. భాయ్ ఈసారి సోఫాలో కూలబడి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇగ ఒక్కటే సార్. నజర్ లగ్‌గయీ. ఎవలదో కన్ను పడ్డది."

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ గడపలోకి వచ్చింది.

"ఇన్నవా? భాయ్ గూడ అంటుండు. నేను చెప్తె ఇంట్ల మాట గద, చెవులకెక్కదు."

ఆ ఆదివారం నుంచి ఉసిరికాయంత ఉన్న పటిక జామకాయంత అయింది. చేపలు పోతున్న కొద్దీ అది పెరిగింది. నాకు తగలబోయి చేపలకు తగిలిందని ఆమె సిద్ధాంతం. చేపలు అడ్డం ఉన్నాయి కాబట్టి నేను మిగిలానని, అవి అయిపోతే నా వంతని. ఆ మాట ఆమె నవ్వకుండా అంది. పీట మీద ఇదివరకటి కన్నా బుద్ధిగా కూర్చున్నాను.

ఒక్క విషయం నాకు అంతుబట్టలేదు. చేపలు తగ్గుతున్న కొద్దీ నీళ్లు తేటపడుతున్నాయి. ఎంత తేట అంటే, ట్యాంకులో నీళ్లున్నాయని చెయ్యి తడిస్తే తప్ప నమ్మలేం. వచ్చినవాళ్లంతా "అబ్బ, ఏం నీళ్లు!" అనేవాళ్లు. నేను కూడా లోపల ఎక్కడో మురిసిపోయాను, దాచిపెట్టను. మురికి పట్టి, కంపు కొట్టి చంపే నీళ్లను మనిషి అనుమానిస్తాడు. అద్దంలా మెరుస్తూ చంపే నీళ్లను ఏమంటాం? దగా అంటాం. ఆ మెరుపుకు మోసపోయి నేను రోజులకు రోజులు పోగొట్టుకున్నాను.

చివరికి బుర్ర పెట్టాను. చావులన్నీ సోమవారమే ఎందుకు? ఆదివారం నా ఇంట్లో ఏం జరుగుతుంది? ట్యాంకులో సగం నీళ్లు తీసి కొత్తవి పోస్తాను, అదొకటి. రెండోది, మా బామ్మర్ది వస్తాడు.

మా బామ్మర్దిది జమ్మికుంట. పత్తి విత్తనాలు, పత్తికి కొట్టే పురుగుల మందులు అమ్ముతాడు. ఆదివారం మార్కెట్ యార్డు బంద్ కాబట్టి అక్కను చూడటానికి వస్తాడు. అక్కను చూసేది కాసేపే, మిగతా పూటంతా ట్యాంకు ముందే. దొర అతని చేతిలోంచి రొయ్యపొట్టు తింటాడు. ఇంతకాలం అది చూసి మురిసిపోయిన నేను ఆ ఆదివారం మాత్రం ఆ చేతుల్నే చూశాను.

"బావా, చూసినవా? దొర నా వేలు పట్టి గుంజిండు!"

"నీ చేతులు ఇటు పెట్టు."

"ఎందుకు బావా?"

"పెట్టు."

చేతులు పట్టుకుని వాసన చూశాను. మా బామ్మర్ది గట్టిగా అరిచాడు.

"అక్కా! బావకు ఏమో అయింది! కుక్క లెక్క వాసన చూస్తుండు!"

"మందు డబ్బలు ముట్టిన చేతులు గివి. గీ చేతులతోని నా చేపలకు మేత పెడ్తె ఏమైతది? పురుగేదో, చేపేదో మందుకు ఎర్కుంటదా?"

అతని నవ్వు ఆగిపోయింది. చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"సబ్బు పెట్టి కడుక్కునే ముట్టిన బావా. గీ చేతులతోనే నా పోరగాండ్లకు అన్నం తినవెడ్త. వాళ్లకేం కాలే గద? నువ్వు నన్ను గింత మాటంటవనుకోలే."

టీ తాగకుండానే పోయాడు. మా ఆవిడ టీ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడిపోయింది. తన తమ్ముణ్ని వెనకేసుకు రాలేదు, నన్ను తిట్టలేదు. నన్ను చూసింది, తరువాత ట్యాంకును చూసింది, లోపలికి వెళ్లిపోయింది. మామూలుగా తన పుట్టింటి వాళ్లను నేను ఒక్క మాటంటే నాలుగు వీధులకు వినబడేట్టు సమాధానం చెప్పే మనిషి. ఆ మౌనాన్ని నేను నా గెలుపనుకున్నాను.

తరువాతి ఆదివారం బామ్మర్ది రాలేదు. నేను నీళ్లు మార్చలేదు. మేత కూడా వేయలేదు. ట్యాంకు వైపు పిల్లిలా నడిచాను. సోమవారం పొద్దున లేచి చూస్తే మిగిలినవన్నీ తేలి ఉన్నాయి. దొర ఒక్కడే మిగిలాడు. వాడు కూడా రాయి కింద లేడు. ఒక మూలకు ముక్కు ఆనించి, చారలన్నీ వెలిసిపోయి, ఉతికి ఉతికి రంగుపోయిన గుడ్డలా ఉన్నాడు. గాలికి తలుపులు కొట్టుకున్నట్టు మొప్పలు కొట్టుకుంటున్నాయి. నేను అద్దం దగ్గరికి పోయాను. వాడు నా వైపు తిరగలేదు.

ఆ ఇంట్లో నేను ఏడవడానికి చోటు వెతుక్కున్నాను. బాల్కనీలో బట్టలారేస్తున్నట్టు నటించాను.

తరువాత భాయ్ దుకాణంలో ఎన్నడో కొని మూత తీయని చుక్కల సీసా గుర్తొచ్చింది. నీళ్లు గట్టివో, పులిసినవో చెప్పే మందు చుక్కలు అవి. బోరు నీళ్లలో వేస్తే ముదురు నీలం వచ్చింది, రావాల్సిందే. ట్యాంకు నీళ్లలో వేస్తే పసుపు వచ్చింది, నిమ్మకాయ పసుపు. ఆ చేపలు నీలం చూపించే నీళ్లలోనే బతుకుతాయి. పసుపు అంటే వాటికి నీళ్లు కాదు, పులుసు. బోరు మంచిదే. మరి నల్లా నుంచి ట్యాంకు దాకా వచ్చేలోపల నీళ్లను ఎవరు పులియబెట్టారు? బయటివాళ్లెవరూ రాలేదు. ఆ ఆలోచన దగ్గర నా బుర్ర ఆగి, ముందుకు పోనని మొరాయించింది.

ముందు దొరను బతికించాలి. బాల్కనీలోని నీలం డ్రమ్ములో బోరు నీళ్లు పట్టి వాణ్ని ఒక్కసారే దించితే చస్తాడు. బకెట్లో వాడున్న నీళ్లు సగం పోసి, డ్రమ్ము నీళ్లు చెంబుతో కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. నేను ఆ పనిలో ఉంటే మా ఆవిడ వచ్చింది. చేప నీళ్లు మీద పడితే స్నానం చేసే మనిషి. కొంగు దోపుకుని, చెంబు నా చేతిలోంచి తీసుకుని, తనే పోయడం మొదలుపెట్టింది. పూటంతా అక్కడే కూర్చుంది. 

సాయంత్రానికి దొర వీపు మీద ఒక చార సన్నగా మళ్లీ కనిపించింది.

ఆ వచ్చిన ఆదివారం మళ్లీ పీట పడింది. తూర్పు దిక్కు తిరిగాను. పటిక తిరిగింది, పెనం మీద పొంగింది. ఈసారి ఎవరి ముక్కో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. "కాళ్లు కడుక్కో" అంది. బాత్రూంలోకి పోయి నల్లా తిప్పాను. నీళ్లను అలాగే పారనిచ్చి, చప్పుడు చేయకుండా వచ్చి పరదా వెనక నిలబడ్డాను.

చేపలు లేకపోయినా నీళ్లు తిరుగుతూనే ఉన్న ట్యాంకు మూతను మా ఆవిడ ఎత్తింది. ఫిల్టర్‌లోంచి నీళ్లు సన్నటి ధారగా కిందికి దూకే చోట పళ్లెం వంచింది. నలిపిన తెల్లటి పటిక ఆ ధారలో కలిసి లోపలికి పోయింది. "పీడ పోవాలె, పారే నీళ్లల్ల వడి పోవాలె" అని గొణిగింది. వెనక్కి తిరిగి చూడకుండా రావాలి కాబట్టి నేరుగా నా మీదికే వచ్చింది.

"ఏందే గది?"

"పారే నీళ్లల్ల వెయ్యాలె. ఎవలు తొక్కొద్దు. మా ఊర్లనైతే కాలువుండె. గీ మూడో అంతస్తుల కాలువ యాడికెల్లి తేవాలె?"

"సింకుల పోస్తె అయిపోవు గద!"

"ఎంగిలి గిన్నెలు కడిగే కాడ నీ దిష్టి పొయ్యాల్నా?"

"మానేరు వాగుల వెయ్యకపోయినవా మరి!"

"వారం వారం మానేరుకు ఎవలు తోల్కపోతరు, నువ్వా? కొత్తిమీర తెమ్మంటెనే రెండు దినాలకు కదుల్తవు. మన ఇంట్ల పారేటి నీళ్లు గవ్వే గద."

 మా బాపు వాళ్ల ఊళ్లో వానాకాలం బురద నీళ్లు వస్తే కుండలో పటిక తిప్పేవాళ్లు. మురికంతా అడుక్కు దిగి నీళ్లు అద్దంలా తేరేవి, పటిక ఎక్కువైతే మాత్రం నోటికి పుల్లగా తగిలేవి. ఆ నీళ్లు తాగి పెరిగినవాణ్ని నేను. అద్దంలా మెరిసే ట్యాంకు ముందు ఇన్ని వారాలు నిలబడి ఆ కుండను గుర్తు తెచ్చుకోలేకపోయాను.

"చేపలు గందుకే సస్తున్నయని నీకు తెల్వదా?"

"మొదలు తెల్వలే. నా తమ్ముని చేతులు వాసన చూసినవు చూడు, గప్పుడు అనుమానమైంది."

"అనుమానమైనంక గూడ పోసినవా?"

ఆమె పళ్లెం అంచును కొంగుతో తుడిచింది.

"ఆపుదామనుకున్న. గని పటిక తిప్పవట్టినసంది నువ్వు మళ్ల పడలే. ఆపినంక పడితివనుకో, నేనేం కావాలె? చేపలు పోతె భాయ్ దుకాన్ల దొరుకుతయ్. నువ్వు పోతె ఏ దుకాన్ల దొరుకుతవు?"

బాత్రూంలో నల్లా ఇంకా పారుతూనే ఉంది.

ఇదీ కథ. ఇప్పుడు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి.

మత్స్యశాఖ వేలం, బట్టతల, ఊటీ, పులుసు ఇవన్నీ ఉబ్బించినవి, మీకు తెలుసు. టమాటాల గంప నిజం. బామ్మర్ది చేతులు వాసన చూసింది నిజం. పసుపు రంగు నిజం. దొర వీపు మీద చార తిరిగిరావడం నిజం. నేను పుట్టించింది పరదా వెనక నిలబడటం, ఆ తరువాత మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు. అవి ఎప్పుడూ జరగలేదు.

జరిగింది ఇంతే. దొరను డ్రమ్ములోకి మార్చాక ఖాళీ ట్యాంకు కడుగుదామని ఫిల్టర్ విప్పాను. స్పాంజి నిండా గంజిలాంటి తెల్లటి జిగురు. దాని మధ్యలో గోరంత గట్టి ముక్క, ఒక అంచు పెనం మసి పట్టి నల్లగా ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నీళ్లు మోసం చేశాయనుకున్నాను, భాయ్ మోసం చేశాడనుకున్నాను, బామ్మర్దిని గడప దాటించాను. నా తల చుట్టూ తిరిగిన ముక్కే ఇదని తెలిసినప్పుడు కోపం కూడా సరిగ్గా రాలేదు. తెలియక పోసి ఉంటే నాకు బాధ లేదు. కానీ గడపలో టీ గ్లాసు పట్టుకుని ఆమె ట్యాంకును చూసిన చూపు నాకు గుర్తుంది. చెంబు అందుకుని నోరెత్తకుండా నీళ్లు పోసిన ఆ పూట గుర్తుంది. ఆ రెంటికీ మధ్య ఒక ఆదివారం ఉంది. ఆ ఆదివారమూ పటిక పడింది.

ఆ ముక్కను వంటింట్లో స్టవ్ పక్కన, ఆమెకు కనబడే చోట పెట్టాను. సాయంత్రానికి అక్కడ లేదు. ఆమె ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే, తెలిసీ "తెల్వదు" అంటుందేమోనని నా భయం. ఆ ఒక్క మాట అన్నదంటే ఇక నేను ఉబ్బించడానికి కూడా ఏమీ మిగలదు.

మరునాడు బాల్కనీలో ఒక టబ్బు పెట్టి, నీళ్లు నింపి, మంచం కింద ఉన్న పాత మోటర్‌ను తీసి, గొట్టం తగిలించి పైనుంచి ధార పడేట్టు అందులో బిగించాను. భాయ్ పాతదన్న మోటర్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నీళ్లు గలగల పారుతుంటాయి. ఇదెందుకని మా ఆవిడ అడగలేదు. తరువాతి సోమవారం టబ్బు అడుగున తెల్లటి మడ్డి కనిపించింది.

దొర ఇప్పుడు కడిగిన ట్యాంకులో ఒక్కడే ఉన్నాడు. కొత్త చేపలు తేవడానికి నాకు మనసొప్పలేదు. బామ్మర్దికి ఫోన్ చేసి "నీ తప్పు లేదురా, బోరు నీళ్లల్ల తేడా వచ్చింది" అని చెప్పాను. నా జీవితంలో ఏ మాత్రం ఉబ్బించకుండా చెప్పిన అబద్ధం అదొక్కటే. అప్పుడు మా ఆవిడ పక్కనే బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. ఇప్పుడతను మళ్లీ వస్తున్నాడు. గడపలోనే రెండు చేతులూ చాపి "వాసన చూడు బావా" అంటాడు. అందరం నవ్వుతాం. ఆమె మా అందరికన్నా కొంచెం ముందే నవ్వు ఆపేస్తుంది.

దొర నన్ను చూస్తే అద్దం దగ్గరికి వస్తాడు, బామ్మర్దిని చూస్తే వస్తాడు. మా ఆవిడ హాల్లోకి వస్తే మాత్రం గోదావరి రాయి కిందికి పోతాడు. ఆమె కావాలనే ట్యాంకుకు దూరంగా, గోడ వారగా నడుస్తుంది.

ఈ రాసింది ఆమె చదువుతుంది. నేను రాసినవన్నీ చదివి, ఏవి మేకలో పక్కన టిక్కు పెట్టడం ఆమెకు అలవాటు. పరదా వెనకటి మాటల దగ్గర ఏం పెడుతుందో చూడాలి. ఆ మాటలు నేను ఆమె కోసం రాసి పెట్టాను. ఆమె అనదలుచుకుంటే సిద్ధంగా ఉన్నాయి.